ఛాత్రుడి పీట

ఛాత్రుడు అనే మాట వింటే నాకు ఒళ్లు మంట. వెనకటికి పండితుడి ఇంట్లోనే ఉంటూ, బట్టలుతికి, నీళ్లు మోసి, చదువుకునేవాణ్ణి అలా అనేవారట. ధర్మపురిలో మా గురువుగారు తన దగ్గరుండే శిష్యుణ్ణి ముద్దుగా అలాగే పిలుస్తారు. అతను సిరిసిల్లలో మగ్గాల పని వదిలేసి వచ్చినవాడు. నేను జగిత్యాలలో తెలుగు టీచరును. ఆదివారం ఆదివారం బస్సెక్కి వెళ్లి పాఠం చెప్పించుకుంటున్నా, నన్ను ఒక్కనాడూ అలా పిలవలేదు.

"ఛత్రమంటే గొడుగే గద బిడ్డా. గురువు తప్పుల మీద గొడుగు పట్టేటోడు ఛాత్రుడు" అని ఒకసారి ఆయనే చెప్పారు. గొడుగు మోసేవాడికి ఇంత వ్యాకరణమా అని నేను లోపల్లోపల ఉడుక్కున్నాను.

అసలు నా కన్నంతా పురాణం చెప్పేటప్పుడు అతను కూర్చునే పీట మీదే. గురువుగారికి చూపు ఆనదు. అతను పద్యం చదివితే ఆయన అర్థం చెబుతారు. నా గొంతు బాగుంటుంది, ఉచ్చారణకు వంక పెట్టడానికి లేదు. అయినా పీట అతనిదే.

మొన్న కోరుట్లలో హాలు నిండా జనం. అతను ఎక్కడ తడబడతాడా అని ముందు వరుసలో పుస్తకం తెరిచి కాచుకు కూర్చున్నాను. అతను చక్కగానే చదివాడు. గురువుగారే మరిచిపోయి, అతను చదివినదాన్ని వదిలేసి ఆ తర్వాతి పద్యానికి అర్థం మొదలుపెట్టారు. జనం మొహమొహాలు చూసుకున్నారు. అతను వెంటనే చెంపలేసుకున్నాడు.

"తప్పు నాదే అయ్యగారూ, చదవాల్సింది గిది కాదు" అని ఆ తర్వాతి పద్యం ఎత్తుకున్నాడు. జనం అతణ్ణి చూసి నవ్వారు. జరిగింది పుస్తకం ముందున్న నాకొక్కదానికే తెలుసు.

బయటికొచ్చాక గురువుగారు అతణ్ణి చెడామడా తిట్టారు. "నిండు సభల ఇజ్జత్ తీసినవ్ గదరా!" అతను ఆయన చెప్పులు తెచ్చి కాళ్ల ముందు పెట్టాడు. ఆయన నా వైపు తిరిగారు.

"బిడ్డా, ఇగ నువ్వే చదువు. గా పీట నీదే."

ఇన్నేళ్లు ఎదురుచూసిన మాట. నిజం చెబుదామని నోటిదాకా వచ్చింది. చెబితే పీట పోతుంది, ఆయన పరువూ పోతుంది. "సరే అయ్యగారూ" అన్నాను.

మెట్ల దగ్గర ఆయన ఆగి, నా వైపు చూడకుండానే చెయ్యి చాచారు.

"ఛాత్రుడా, చెయ్యందియ్యిరా."

పీట దక్కిన ఆ రోజే, నేను ఎన్నడూ లేనంతగా కుళ్లుకున్నాను.