అరకు లైనుకి పైవాటాలో

ఆ రోజుల్లో, అంటే తొంభైల చివర్లో, ఒంటరిగా గది తీసుకునే ఆడపిల్లకి ఇంటివాళ్ళు పెట్టే షరతులు ఎక్కడైనా దాదాపు ఒకటే. చీకటి పడకుండా ఇల్లు చేరాలి, చుట్టాలు గుంపుగా దిగకూడదు, మేడ మీద ఏదీ దంచకూడదు. కూర్మన్నపాలెంలో నేను దిగిన ఇంట్లో మాత్రం వీటితో పాటు ఇంకొకటి ఉండేది. కింద రైలు నడుస్తున్నప్పుడు పైన బకెట్టు ఈడ్వకూడదు. (ఈడిస్తే అనంతగిరి దగ్గర పెట్టెలు పట్టాలు తప్పుతాయట.) బొబ్బిలి అవతల మా ఊరి నుంచి, పక్క వీధిలోని చిన్న స్కూల్లో టీచరు ఉద్యోగానికి వచ్చిన ఇరవై మూడేళ్ళదాన్ని. నవ్వు ఆపుకుని సరేనన్నాను.

ఇంటాయన్ని బాబాయిగారని, ఆవిడని పిన్నిగారని పిలిచేదాన్ని. వాళ్ళకి నేను టీచరమ్మని. బాబాయిగారు పోర్టులో షంటింగ్ ఇంజను నడిపి రిటైరయ్యారు. ఖనిజం నింపిన వ్యాగన్లని కాస్త ముందుకు తోయడం, కాస్త వెనక్కి లాగడం, ఉద్యోగమంతా అదే. ఆయన బండి ఏనాడూ పోర్టు గేటు దాటలేదు. ఆ ఖనిజం దిగివచ్చే కొండల దారిలో ఒక్కసారి ఇంజను నడపాలని మాత్రం ఆయనకి ఉండిపోయింది. అందుకని, సరిగ్గా నా స్నానాలగది కింద ఉన్న గదిలో, చెక్కబల్లల మీద అరకు లైను వేసుకున్నారు. బజార్లో కొన్న బ్యాటరీ రైలు, పాత పేపర్లు మైదా జిగురుతో అతికించి చేసిన కొండలు, పాలడబ్బాలు కోసి పెట్టిన సొరంగాలు. పిన్నిగారు ఆ గది గుమ్మం తొక్కేవారు కాదు. "సిన్నపిల్లలు ఆడుకునేది ఈ వయసులో ఏటి నాకు?" అనేవారు.

ఆ వానాకాలం గదిలో చెమ్మ మొదలైంది. గోడ ఉబ్బింది, తర్వాత కొండలు ఉబ్బాయి. బొర్రా స్టేషను వెనక కొండ మెత్తబడి పట్టాల మీదికి వంగింది. అనంతగిరి మీద నల్లగా బూజు పట్టింది. (బాబాయిగారు ఒకటి రెండు రోజులు దాన్ని కాఫీ తోట అన్నారు.) నేరం నా మీదే పడింది. పైన నీళ్ళు పోసుకునేదాన్ని నేనే కదా! పొద్దున్నే స్నానానికి వెళ్తే కింది నుంచి పిన్నిగారి కేక వినిపించేది: "టీచరమ్మా, ఇప్పటికి ఎనిమిది సెంబులు! పెళ్ళికూతురు స్నానమేటి?" నేను తువ్వాలు కప్పుకుని, సబ్బునురగతోనే నిలబడి, తొమ్మిదో చెంబు పోసుకోవాలా వద్దా అని మథనపడేదాన్ని. ఆ వానాకాలం నేను బడికి కొంచెం జిగటగానే వెళ్ళాను.

చివరికి ప్లంబరు వచ్చాడు. ఏ లీకుకైనా ముందు టేపు చుట్టేవాడు కనక వీధిలో అందరూ అతన్ని టేపు బావ అనేవారు. ముందు టేపు చుట్టాడు. తర్వాత తెల్ల సిమెంటు పూశాడు. చివరికి నా స్నానాలగది నేలంతా తవ్విపోశాడు. "ఇది ఆరీదాకా సుక్క నీరు పొయ్యకండమ్మా," అన్నాడు. అలా పది రోజులు నేను కింది స్నానాలగది వాడుకోవలసి వచ్చింది. మేడ మెట్ల వైపు నుంచి దానికి దారి రైలుగదిలోంచే.

ఆ పది రోజులూ ఇప్పటికీ నా కళ్ళ ముందే ఉన్నాయి. సాయంత్రం బడి నుంచి వచ్చి కాళ్ళు కడుక్కుని వెళ్తుంటే బాబాయిగారు, "ఒక్క నిమసం ఆగమ్మా, బొర్రాలో సిగ్నలిచ్చేవోళ్ళు నేరు," అని చేతికి పచ్చగుడ్డ ముక్క ఇచ్చేవారు. ఒక్క నిమిషం కాస్తా గంటయ్యేది. కాపీలు దిద్దడం మానేసి జెండా ఊపేదాన్ని. ఇల్లు వదిలి వచ్చాక నాకోసం ఎవరైనా ఎదురుచూడడం అదే మొదలు.

తొమ్మిదో రోజున పిన్నిగారు గుమ్మంలో నిలబడి గోడ చూశారు. చెమ్మ తగ్గకపోగా కిందికి పాకింది. "మేడ మీద సుక్క నీరు నేదు. మరి ఈ నీరెక్కడిది?" అన్నారు. టేపు బావని మళ్ళీ పిలిచారు. అతను ఒక సొరంగం పక్కకి తీసి, గోడ కొద్దిగా చెక్కి, లోపలికి తొంగి చూశాడు.

"బాబూ, పైపుకి ఇది తుప్పు పట్టి పడ్డ బెజ్జం కాదు. డ్రిల్లుతో ఏసింది."

బాబాయిగారు ఇంజనుని తుడుస్తూ తల ఎత్తలేదు. అలాగే చెప్పారు. పిన్నిగారు అనకాపల్లి వెళ్ళినప్పుడు, లైనుని గోడలోంచి వంటింట్లోకి తీసుకెళ్దామని బెజ్జం వేశారట. లోపల పైపుందని తెలియదు. తడి తగలగానే మైనం కుక్కి, పైన కొండ అతికించేశారు.

"ఈ పిల్లని అన్ని మాటలంటంటే నోరిప్పలేదేటి?"

"సెప్తే గది కాళీ సేయించేత్తావని బయమేసినాది." తర్వాత నా వైపు తిరిగి, "తప్పయిపోనాదమ్మా," అన్నారు.

నాకు ఏడుపొచ్చేంత కోపం వచ్చింది. పిన్నిగారు, "తప్పు నీకు జరిగింది. ఈ గది ఉంచాలా, తీసెయ్యాలా, నువ్వే సెప్పు," అన్నారు. ఆయన రిటైరైన మనిషిలా లేరు, హోంవర్కు చెయ్యని మా రెండో తరగతి పిల్లాడిలా ఉన్నారు. "ఉంచండి. కానీ నా నేల ఆరేదాకా వేణ్ణీళ్ళు బాబాయిగారే కాచి పెట్టాలి," అన్నాను. ఆరడానికి ఇంకొక్క రోజే ఉందని తెలిసిన టేపు బావ పగలబడి నవ్వాడు.

పైపు మార్చారు, కొండలు మళ్ళీ కట్టాం. ఈసారి పిన్నిగారు స్టూలు తెచ్చుకుని కూర్చున్నారు. రైలు రెండు చుట్లు తిరిగాక మెల్లిగా, "వంటింట్లోకి ఎందుకు తెద్దామనుకున్నావ్?" అని అడిగారు.

"నువ్వీ గదిలోకి రావు కదా," అన్నారాయన.

ఆవిడ స్టూలు ఇంకాస్త ముందుకి జరుపుకున్నారు. ఆ ఆదివారమే ముగ్గురం నిజం రైల్లో అరకు వెళ్ళాం. దారి పొడవునా ఆయన రాబోయే మలుపు ముందే చెప్తుంటే, ఆవిడ ప్రతిదానికీ "ఓహో" అంటూ విన్నారు.

ఏడాది తర్వాత నాకు శ్రీకాకుళం వైపు ఉద్యోగం వచ్చింది. గది ఖాళీ చేసిన రోజు ఆటోవాడు హారన్ కొడుతున్నాడు. బాబాయిగారు, "బండొక్క సుట్టు సూసెల్లమ్మా," అన్నారు. "మళ్ళీ వస్తాగా," అని పెట్టె ఎక్కించేశాను. తర్వాత పెళ్ళి, పిల్లలు, బదిలీలు. చివరికి నేను వెళ్ళేసరికి ఆ ఇంట్లో వేరే ఎవరో ఉన్నారు. ఇలాంటి ఇళ్ళు ముందు ముందు ఎన్నో తగులుతాయని ఆటోలో కూర్చున్న ఆ పిల్ల గట్టిగా నమ్మింది. దాని ధీమా తలచుకుంటే ఇప్పటికీ నవ్వొస్తుంది. నవ్వడం అయ్యాక కాసేపు ఏ పనీ చెయ్యాలనిపించదు.