పెద్దన్న తుడుపుగుడ్డ

చీరల కారఖానాల్లో పనికి వలసొచ్చి మేముండే గోడాదరాలో, మా గదికంతా వండిపెట్టే పెద్దన్న పప్పూ పులుసూ అన్నీ గచ్చు మీద ఒక్క స్టవ్‌తోనే కానిచ్చేవాడు. వంటయ్యాక గచ్చు అద్దంలా మెరిసేది. "సూడుండ్రి, సుక్క వడ్డదా?" అని అడిగి, లేదనిపించుకున్నాకే కంచాలు పెట్టేవాడు.

ఆ మెరుపు సంగతి నా వీపుకే తెలుసు. ఆయన తుడుపుగుడ్డ కారఖానా నుంచి తెచ్చిన పాలిస్టర్ చీర ముక్క. అది నీళ్ళు పీల్చదు, ముందుకు నెడుతుందంతే. నెట్టినదంతా పక్కనే ఉన్న నా బొంత కిందికి చేరేది. బొంత నూలుది, శుభ్రంగా పీల్చేది.

ఒకరోజు గచ్చు పాడవుతోందని గదిలో వంట బంద్ చేయించడానికి ఇంటి ఓనరు వచ్చాడు. గచ్చు చూసి మెత్తబడి, "ఏక్‌దమ్ సాఫ్!" అంటూ నా బొంత మీద కూర్చున్నాడు. లేచేసరికి తెల్ల పైజామా వెనక పసుప్పచ్చని పులుసు మరక.

పెద్దన్న నావైపు గుర్రుగా చూశాడు.

"ఏందిరా, బొంత జర సాఫ్‌గ ఉంచుకోవద్దా?"