లియాండ్రో అద్దానికి వేలాడిన గొంతు

లియాండ్రో కాల్యిసాయా నోట్లోంచి మాట రావడం గగనం. మినీబస్సు నడపడమే అతని పని. అరవాల్సిందంతా అతని భార్య ఎదువిగెస్ అరిచేది. తలుపు దగ్గర నిలబడి "క్రూసే, సెన్‌కాతా, వెంతిల్యా" అని బండి ఆగే చోట్ల పేర్లు ఆమె పిలుస్తుంటే కూడలికి ఈ చివరనున్న నా డిస్కుల కొట్టు దాకా వినిపించేది. కొండమీదున్న మా ఎల్ ఆల్తో ఊళ్ళో చలిగాలికి అందరి గొంతులూ పోతాయి గానీ ఆమెది పోదనుకునేవాళ్ళం.

ఒకసారి ఆమెకు బాగా జలుబు చేసి, గొంతు పూడుకుపోయి, తగ్గింది. మళ్ళీ చేస్తే పనికొస్తుందని లియాండ్రో ఆమెను నా కొట్టుకు తీసుకొచ్చి, ఆ కేకలన్నీ డిస్కులోకి ఎక్కించుకున్నాడు. మర్నాడే ఎదువిగెస్ "నేను బతికుండగా ఈ పళ్ళెం అరవడమేంటి?" అని దాన్ని సీటు కిందికి విసిరేసింది. పారేయడానికి అతనికి మనసొప్పలేదు. కోపకబానా చర్చిలో పాదిరితో బండికి దీవెన చేయించిన రోజున, డిస్కు కన్నంలోంచి లావుపాటి ఉన్ని కుచ్చు కట్టి, డ్రైవరు ముందుండే అద్దానికి వేలాడదీశాడు. మా డ్రైవర్లకు అదో పిచ్చి. మెరిసేది ఏది కనిపించినా అద్దానికి తగిలించాల్సిందే.

కొన్నేళ్ళకు ఎదువిగెస్ గొంతులో గడ్డ వచ్చింది. ఆపరేషన్ చేసి ప్రాణం నిలబెట్టారు గానీ స్వరపేటికనే తీసేయాల్సి వచ్చింది. అయినా ఆమె ఇంట్లో కూర్చోలేదు. తలుపు దగ్గరే నిలబడి, బండి రేకును అరచేత్తో బాదుతూ జనాన్ని పిలిచేది.

పోయిన చలికాలంలో ఒక పొద్దున లియాండ్రో ఆ డిస్కు పట్టుకుని వచ్చాడు.

"చెల్లెమ్మా, ఇది వినిపించవా?"

తిప్పి చూశాను. ఒకప్పుడు నీలంగా ఉన్న అడుగు వెలిసిపోయి తెల్లబడింది. నాకు ఒళ్ళు మండింది.

"ఇన్నేళ్ళూ ఎండలో వేలాడదీశావా? బుద్ధుందా అన్నా నీకు?"

"పాటల డిస్కు కూడా వేలాడుతోందిగా దాని పక్కనే. అది బాగానే పాడుతోంది."

"అది ఫ్యాక్టరీలో అచ్చుగుద్దింది. దాన్నిండా సన్నటి గుంటలు. గుంటల్ని ఎండేం చేస్తుంది? ఇది నేను ఎక్కించింది. దీన్లో పల్చటి రంగు పూత ఉంటుంది. లేజరు ఆ పూతను చుక్కలు చుక్కలుగా కాలుస్తుంది. వినేటప్పుడు కాలిన చోట వెలుగు తక్కువగా తిరిగొస్తుంది, కాలని చోట ఎక్కువగా. ఆ తేడానే వదిన గొంతు. రంగే పోతే తేడా ఇంకెక్కడిది?"

అతను కొట్లోని బల్ల మీద కూలబడ్డాడు.

"మర్చిపోతున్నాను చెల్లెమ్మా. నిన్న బండి నడుపుతూ ఎంత తలుచుకున్నా ఆ గొంతు గుర్తుకు రాలేదు."

నా కోపమంతా నీరుగారిపోయింది. కుచ్చు ముడి విప్పాను. ఉన్ని నీడ పడినంత మేర, కన్నం చుట్టూ, నీలం ఇంకా మిగిలే ఉంది. డిస్కును మిషన్ లోపలి నుంచి బయటికి చదువుతుంది. అంటే మొదట మాట్లాడింది అక్కడే ఉండాలి.

మెత్తటి గుడ్డతో తుడిచి, మిషన్‌ను బాగా నెమ్మదిగా తిప్పాను. గరగరలాడింది. ఆగింది. మళ్ళీ పెట్టాను. ఎదువిగెస్ గొంతు పలికింది.

"మొదలెట్టనా? అట్లా గుడ్లప్పగించి చూడకు లియాండ్రో, నాకు నవ్వొస్తోంది. క్రూసే..."

అంతే. అక్కడితో తెగిపోయింది. లియాండ్రో వేలు గుండ్రంగా తిప్పాడు, మళ్ళీ పెట్టమని. పెట్టాను. మళ్ళీ తిప్పాడు.

బయట ఆపిన బండి కదలక జనం గొణుగుతున్నారని ఎదువిగెస్ విసురుగా లోపలికి వచ్చింది. తన గొంతు తనకే వినబడి గుమ్మంలోనే నిలబడిపోయింది. లియాండ్రో దొంగతనం చేస్తూ దొరికినట్టు తల దించుకున్నాడు. ఆమె వచ్చి, అతన్ని పక్కకు జరిపి, అదే బల్ల మీద కూర్చుంది. ఈసారి ఆమే నాకు వేలు తిప్పి చూపించింది.

క్రూసే దగ్గర డిస్కు ఆగింది. ఆమె పెదవులు ఆగలేదు. లియాండ్రో వాటినే చూస్తూ గొణిగాడు.

"సెన్‌కాతా."

ఇంకా గట్టిగా అన్నట్టు ఆమె అరచెయ్యి పైకెత్తింది.

"సెన్‌కాతా, వెంతిల్యా."

ఇంకా అంది చెయ్యి. కళ్ళనీళ్ళు కారుతుండగానే అతను లేచి నిలబడి, జన్మలో ఎన్నడూ అరవనంత గట్టిగా అరిచాడు.

దారిన పోతున్న ఒక ముసలామె మూటతో సహా ఆగి, లోపలికి తొంగి చూసింది.

"వెంతిల్యాకి నేనూ వస్తాను. బండెక్కడ నాయనా?"