ఆకుపచ్చ జాకెట్‌కి ఆరు హుక్కులు

మొన్న చూసిన సినిమా మీద నిన్న ఒక స్టేటస్ పెట్టాను. ఆ సినిమాలో భర్త చనిపోయాడని ఫోన్ వస్తే హీరోయిన్ ఏడవదు. మిగిలిన పిండితో రొట్టెలు చేస్తూనే ఉంటుంది. "ఇలాంటి ఆడది ఎక్కడైనా ఉంటుందా? ఈ దర్శకుడికి బతుకు తెలియదు" అని రాసి, అయిదుకి రెండు మార్కులు కూడా వేశాను. టీచర్ని కదా, అలవాటు.

ఈ సాయంత్రం బడి నుంచి వస్తూ నారాయణఖేడ్ బస్టాండ్ వెనక రజియా దగ్గర ఆగాను. పదేళ్లుగా నా జాకెట్లన్నీ కుట్టేది ఆమే. రెండేళ్ల కింద ఆమె భర్త హైదరాబాద్‌లో బిల్డింగ్ పనికి పోయి, పైనుంచి పడి చనిపోయాడు.

మిషన్ ఆపకుండానే అంది రజియా. "నీ స్టేటస్ చూసిన టీచర్. నేను భీ ఏడ్వలే. ఫోన్ వచ్చినప్పుడు చేతుల జాకెట్ ఉండె. హుక్కులన్ని కుట్టి, చెల్లెతోని వాళ్లింటికి పంపినంకనే బస్సెక్కిన."

"ఎవరి జాకెట్?" అన్నాను. అడగకుండా ఉండాల్సింది.

"నీదే. ఆకుపచ్చది. గా ఫోన్ పెట్టేసినంక నీ ఫోనే వచ్చె. పెండ్లికి పోవాలె, జల్దీ ఇయ్యమంటివి. అయిపోయింది టీచర్ అన్న."

ఆమె గొంతులో నిష్ఠూరం లేదు. అప్పుడు ఫోన్‌లోనూ ఇదే గొంతు.

ఇంటికొచ్చి స్టేటస్ తీసేశాను. బీరువాలోంచి ఆ జాకెట్ తీసి, దీపం వెలుగులో తిప్పి తిప్పి చూశాను. ఒక్క హుక్కయినా వంకర పోయి ఉంటే బాగుండుననిపించింది. ఆరూ తిన్నగా ఉన్నాయి.

సినిమాలకు మార్కులేసే స్నేహితులారా, మీరైతే దీన్ని మళ్లీ వేసుకుంటారా?