మంగళవారం గింజ

పోయిన నెల వికారాబాద్‌లో మాకు రెండు రోజుల శిక్షణ పెట్టారు. మళ్లీ ఏదైనా అంటురోగం వస్తే ఆస్పత్రి సిబ్బంది ఏం చేయాలో నేర్పుతారట. పదిహేనేళ్లుగా నర్సు పని చేస్తున్నదాన్ని, కరోనా వార్డులో మూడు విడతలు చేసినదాన్ని, వెళ్లి వెనక బెంచీలో కూర్చున్నాను. రెండో రోజు భోజనాలయ్యాక ఒక కాగితం పంచారు. అందులో ఏడో ప్రశ్న ఇది: వార్డులో పనిచేసి ఇంటికి తిరిగి వెళ్లే సిబ్బందిని క్వారంటైన్‌లో ఉంచాలా? అవునా, కాదా? కారణం రెండు వాక్యాల్లో రాయండి.

అవును అన్నచోట సున్నా చుట్టాను. కింద రెండు గీతలూ ఖాళీగా వదిలేసి కాగితం ఇచ్చేశాను. శిక్షణ ఇచ్చే కుర్రాయన చూసి, "మేడం, కారణం రాయలేదు" అన్నాడు. "చోటు సాల్తలేదు సార్" అన్నాను. ఆయన నవ్వాడు. నేను సంచీ తీసుకుని తాండూరు బస్సుకు పరుగెత్తాను.

ఆ రోజుల్లో నేను పనిచేసిన ఆస్పత్రి వికారాబాద్ వైపు. మా అత్తవారిల్లు తాండూరులో. మొదటి విడత పద్ధతిగానే జరిగింది. పద్నాలుగు రోజులు వార్డు డ్యూటీ, తర్వాత పద్నాలుగు రోజులు ఒక హాస్టల్లో నలుగురికి ఒక గది. అక్కడ ఉప్మా ఎప్పుడు వచ్చినా చల్లగానే వచ్చేది. అయినా అది అయ్యాకే ఇంటికి పంపారు. రెండో విడత ముగిసేసరికి మనుషులు చాలక లెక్క మారింది. లక్షణాలు లేని సిబ్బందికి క్వారంటైన్ అక్కర్లేదన్నారు. ఇంటికి పొండి, జాగ్రత్తగా ఉండండి, పిలిచినప్పుడు రండి అన్నారు. నాకు దగ్గు లేదు, జ్వరం లేదు. ఒక్కటే ఉంది, అది ఎవరికీ చెప్పలేదు. ఆఖరి రోజు కిట్టు విప్పుతుంటే ఎడమచేతి గ్లౌజుకు బొటనవేలి దగ్గర చిన్న చిరుగు కనిపించింది. ఎప్పుడు చిరిగిందో తెలియదు. సబ్బుతో నాలుగుసార్లు కడిగాను. ఐదోసారి కడుగుతుంటే వ్యాన్ డ్రైవర్ కేకేశాడు.

అనంతగిరి దిగి, ధారూర్ దాటి, బండల లారీలు ఒక్కటి కూడా లేని రోడ్డు మీద వ్యాన్ వెళ్తుంటే దారి పొడవునా నా బొటనవేలునే చూసుకున్నాను. ఇంట్లో నాలుగేళ్లు నిండని బిడ్డ ఉంది. రెండు వారాలు దాటింది దాన్ని ఎత్తుకుని.

నేను దిగింది మంగళవారం మధ్యాహ్నం. మా ఆయన పనిచేసే బండల పాలిష్ యూనిట్ మూతపడి ఉండటంతో ఇంట్లోనే ఉన్నాడు. గేటు బార్లా తెరిచి, "ఏమైతది? మీ డాక్టరే పొమ్మన్నడు గదా, లోపలికి రా" అన్నాడు. ఆయన ధైర్యం చూసి నాకు ఒళ్లు మండింది. తెలియనివాడి ధైర్యం ఎప్పుడూ పక్కవాళ్లకే చుట్టుకుంటుంది. "నేను కందుల కొట్లనే ఉంట. పద్నాలుగు రోజులు ఎవ్వరు రావద్దు" అన్నాను.

వాకిలికి అవతల కందుల బస్తాలు పెట్టుకునే గది అది. పక్కనే బాత్రూం. ఆ పూట గల్లీలో అందరికన్నా పెద్దాయన గేటు దగ్గరికి వచ్చాడు. మాకోసం చప్పట్లు కొట్టమన్నప్పుడు గల్లీ మొత్తంలో గట్టిగా కొట్టింది ఆయనేనని మా ఆయన ఫోన్లో చెప్పి మురిసిపోయాడు. ఇప్పుడు మూతికి తువ్వాల అడ్డం పెట్టుకుని మా అత్తతో అన్నాడు:

"కోడలొచ్చిందంట గదమ్మా. గల్లీల పిల్లలున్నరు, ముసలోల్లున్నరు. పొలం కాడ షెడ్డుల ఉంచరాదు జర."

"ఉంచుత" అంది మా అత్త. "రేపటిసంది బీపీ జూపిచ్చుకునెతందుకు నువ్వు గూడ పొలం కాడికే పో."

నేను ఇంటికొచ్చినప్పుడల్లా ఆయనకు బీపీ చూసేది నేనే. ఆయన మళ్లీ రాలేదు. నాకు లోపల నవ్వొచ్చింది, వెంటనే సిగ్గేసింది కూడా. ఎందుకంటే ఆయన అన్న మాటలో తప్పేమీ లేదు. నేను వార్డులో ఉన్నప్పుడు ఎంతోమంది ఇళ్లవాళ్లకు అదే మాట చెప్పాను, ఇంకాస్త మర్యాదగా.

మా అత్త బడికి వెళ్లలేదు. అయినా ఆ పద్నాలుగు రోజులూ ఆమె నడిపినట్టు ఏ ఆఫీసూ నడపలేదు. మొదట కొట్టుగది గుమ్మానికి వేపమండలు కట్టింది. నాకు కోపం వచ్చింది.

"నాకేమన్న అమ్మోరు పోసిందా అత్తమ్మా?"

"పొయ్యొద్దనే కట్టిన. నా చిన్నప్పుడు అమ్మోరు పోసినింటికి గిట్లనే కడుతుండె. ఒక్కలు లోపలికి పోకపోదురు, ఒక్కలు తిట్టకపోదురు. గడప కాడ అంబలి పెట్టిపోతుండె. మీ సర్కారు కాయితం అంటిస్తే గీ గల్లీ మొత్తం మనల్ని దొంగల్ని జూసినట్టు జూస్తది."

తర్వాత సున్నం కలిపి వాకిట్లో గీత గీసింది. మా తాండూరు ఇళ్లలో మట్టి కనబడదు. నేలకూ బండే, ప్రహరీకీ బండే. ఇంటి మెట్ల నుంచి లెక్కపెడితే నాలుగో బండకూ ఐదో బండకూ మధ్య అతుకు ఉంది కదా, సరిగ్గా దాని మీద గీసింది. అటు వాళ్లు, ఇటు నేను. పూటపూటకూ గీత మీద కంచం పెట్టి వెనక్కి వెళ్లేది. జొన్నరొట్టె, పప్పు, పచ్చిపులుసు, అన్నీ వేడిగా. హాస్టల్లో మాకు రోజుల లెక్క మాత్రమే ఉండేది. మా అత్త క్వారంటైన్‌లో అన్నం కూడా ఉంది.

ఇక బిడ్డ. దానికి పద్నాలుగు అంటే ఎంతో తెలియదు. మొదటి రోజు సాయంత్రం గీత దగ్గర కూర్చుని, వస్తవా రావా అని ఒకటే ఏడుపు. నేను ఈ పక్కన గోడకు ఆనుకుని, వస్త బిడ్డా వస్త అంటూ కూర్చున్నాను. చేతులు ఒళ్లో పెట్టుకుని గట్టిగా పట్టుకున్నాను, వాటంతట అవే లేచి వెళ్తాయేమోనని. అప్పుడు మా అత్త ఒక గిన్నెలో పద్నాలుగు కందిగింజలు ఎంచి పోసి దాని ముందు పెట్టింది.

"రోజు పొద్దుగాల తానం జేసినంక ఒక్క గింజ తియ్యి. గిన్నె ఖాళీ అయినంక మీ అమ్మ దగ్గరికి ఉరుకు."

ఏడుపు ఆగిపోయింది. మర్నాడు పొద్దున తల తుడవకముందే పరుగెత్తుకొచ్చి, నాకు చూపించి గింజ తీసి కోళ్లకు వేసింది. నాలుగు రోజులు బాగానే నడిచింది. ఐదో రోజు గిన్నెలో తొమ్మిది ఉండాలి. ఏడే ఉన్నాయి. ఎవరూ చూడనప్పుడు రెండు గింజలు అదనంగా తీసేసింది. మా అత్త నవ్వింది, మా ఆయన నవ్వాడు. నేను నవ్వలేకపోయాను. వార్డులో రాత్రుళ్లు సరిగ్గా లెక్క చూసి మందులు వేసి వచ్చినదాన్ని, గ్లౌజు చిరుగు బుర్రలో తిరుగుతున్నదాన్ని. గట్టిగా కసిరాను.

"దొంగలెక్క చెయ్యొద్దు! గింజ ఉండంగ గీత దాటితే అమ్మకు రోగమొస్తది, నానమ్మకు రోగమొస్తది. ఎవ్వరు రమ్మన్న రావద్దు. సమజయిందా?"

దాని కింది పెదవి వణికింది. మా అత్త రెండు గింజలు తిరిగి గిన్నెలో వేసింది. ఆ తర్వాత అది ఒక్కసారి కూడా మోసం చేయలేదు. కాలివేళ్లు గీతకు ఆనించి నిలబడి, "గీత తొక్కలే, సూడు" అని చూపించేది. నేను మెచ్చుకునేదాన్ని. ఇప్పుడు తలుచుకుంటే నా మీద నాకే అసహ్యం వేస్తుంది, కానీ అప్పుడు నిజంగా మెచ్చుకున్నాను.

రోజులు ఎలా గడిచాయో పెద్దగా గుర్తులేదు. పడుకున్నాను. లేచి తిన్నాను, మళ్లీ పడుకున్నాను. బస్తాల మధ్య కందుల వాసన. ఎంత నిద్రపోయినా తీరేది కాదు. దగ్గు వస్తుందేమోనని చెవులు రిక్కించి నా గొంతు నేనే వినేదాన్ని. రాలేదు. పదో రోజుకు చిరుగు భయం సగమైంది. పన్నెండో రోజు బిడ్డకు జడ వేసినట్టు కల వచ్చింది.

పద్నాలుగో గింజ మంగళవారం పొద్దున తీసింది. కొత్త గౌను వేసుకుని వచ్చింది. ఖాళీ గిన్నె బోర్లించి చూపించింది. నేను స్నానం చేసి, వేపాకు నీళ్లు కూడా పోసుకుని, గడపలో నిలబడి ఉన్నాను. ఒక్క అడుగు వేయాలి.

"ఆగుండ్రి" అంది మా అత్త. "ఇయ్యాల మంగళారం. మంగళారం నాడు పురుటాలును గూడ గడప దాటనియ్యం. పద్నాలుగు దినాలు ఉన్నదానివి, ఒక్కపూట ఏమైతది? రేపు పొద్దుగాల సల్లగ రా."

మా ఆయన నా వైపు చూశాడు. వాదించాల్సింది. డాక్టర్లతో వాదించాను, ఆక్సిజన్ సిలిండర్ల కోసం ఆఫీసర్లతో వాదించాను. ఆ రోజు మాత్రం ఓపిక లేకపోయింది. పద్నాలుగు రోజులు వేడి అన్నం పెట్టిన మనిషితో ఒక్క రోజు కోసం గొడవ ఎందుకు అనుకున్నాను. సరే అత్తమ్మా అన్నాను. ఆమె ఇంకో గింజ తెచ్చి గిన్నెలో వేసింది. టక్కున చప్పుడైంది. బిడ్డ గింజ వైపు చూసింది, నా వైపు చూసింది. ఏడవలేదు. గౌను విప్పేయమని లోపలికి వెళ్లింది.

సాయంత్రం ఐదింటికి ఆస్పత్రి నుంచి ఫోన్ వచ్చింది. ఇద్దరు నర్సులు జ్వరాలతో పడిపోయారు. రేపు పొద్దున ఆరింటికి వ్యాన్ వస్తుంది, మళ్లీ పద్నాలుగు రోజులు. నేను గీతకు ఇటువైపు నుంచే మా అత్తకు చెప్పాను. ఆమె బకెట్‌లో నీళ్లు తెచ్చి, చీపురుతో సున్నం గీతను రుద్ది రుద్ది కడిగేసింది.

"మంగళారం లేదు, గింగళారం లేదు" అంది. ఆమె గొంతు అలా పలకడం నేనెప్పుడూ వినలేదు. "పో బిడ్డా, మీ అమ్మ దగ్గరికి పో."

నేను తడి బండల మీద మోకాళ్లూని చేతులు చాపాను. అది పరుగెత్తుకొచ్చింది. నాలుగో బండ చివరిదాకా వచ్చి ఆగింది. గీత లేదు, బండల అతుకు ఉంది. వేళ్లు అతుకుకు ఆనించి నిలబడింది.

"గింజ ఉంది" అంది.

మా అత్త గిన్నె తెచ్చి గింజ తీసి పారేసింది. "ఇగో, అయిపోయింది, పో!"

అది బెదిరిపోయి ఏడుపు అందుకుంది. "గట్ల కాదు! పొద్దుగాల తియ్యాలె! దొంగలెక్క! అమ్మకు రోగమొస్తది!"

నేనే వెళ్లి ఎత్తుకోవచ్చు. రెండు అడుగులు లేవు. లేచి ఒక అడుగు వేశాను కూడా. అది నా ముఖం చూస్తూ వెనక్కి జరిగింది, ఒక బండ, ఇంకో బండ, మెట్ల దాకా. నేను నేర్పిన పాఠం అంతా దానికి కంఠతా వచ్చేసింది. ఆగిపోయాను. భయపెట్టి పట్టుకుంటే ఆ పద్నాలుగు రోజులు అది గీత దాటకుండా ఆగినదానికి విలువేముంటుంది? "సరే బిడ్డా, పొద్దుగాలనే తీద్దం" అన్నాను. అది ముక్కు తుడుచుకుని, కోడి ముక్కుకు దొరక్కముందే ఆ గింజ వెతికి తెచ్చి గిన్నెలో వేసింది.

పొద్దున ఆరు కాకముందే వ్యాన్ గల్లీ మొదట్లో ఆగి వెనక్కి తిరుగుతోంది. నేను సంచీ తీసుకుని వాకిట్లోకి వచ్చేసరికి మా అత్త నిద్రపోతున్న బిడ్డను ఎత్తుకుని నిలబడి ఉంది. "జర పట్టుకో. లేస్తే ఏడుస్తది" అని నా భుజాన వేసింది. బరువు పెరిగింది. మెడ దగ్గర కొబ్బరినూనె వాసన. వ్యాన్ తిరిగే అంతసేపు పట్టుకున్నాను. మధ్యలో అది సగం కళ్లు తెరిచింది.

"గింజ తీసినవా?"

"తీసిన బిడ్డా. అయిపోయినయ్."

మళ్లీ నిద్రపోయింది. హారన్ కొట్టారు. నేను అత్త చేతికి ఇచ్చేసి వెళ్లి వ్యానెక్కాను.

తర్వాతి సంగతి మా ఆయన ఫోన్లో చెప్పాడు. లేచి, స్నానం చేసి, గింజ తీసి, ఖాళీ గిన్నె పట్టుకుని కొట్టుగదికి ఉరికిందట. వేపమండలు వేలాడుతున్న గదిలో బస్తాలు తప్ప ఏమీ లేవు. వాకిలంతా వెతికిందట. మా అత్త దాన్ని కూర్చోబెట్టి, ఏం చెప్పాలో తోచక, మళ్లీ పద్నాలుగు గింజలు ఎంచి గిన్నెలో పోసిందట. బిడ్డ ఆ గిన్నె తీసుకెళ్లి ఒక్కసారిగా కోళ్లకు పోసేసిందట.