అద్దంలో చదవాల్సిన కాగితం

ఇది రాయకుండా ఊరుకుందామనే అనుకున్నాను. పోయిన మంగళవారం పొద్దున మా బోరబండ గల్లీలోని అచ్చుల మేస్త్రీ పోయాడని ఆయన బిడ్డ వచ్చి చెప్పింది. బట్టసంచుల మీద దుకాణాల పేర్లు అద్దడానికి చెక్క అచ్చులు చెక్కేవాడాయన. అలాంటివాడి గురించి ఎవరు చదువుతారులే అనుకున్నాను. కానీ ఆయనిచ్చిన కాగితం ఒకటి నా దగ్గరుంది. అది ఊరుకోనివ్వలేదు.

అచ్చు మీద అక్షరం తిరగేసి చెక్కితేనే సంచి మీద తిన్నగా పడుతుంది. యాభై ఏళ్లు అదే పని. ఒకసారి బ్యాంకులో సంతకం కూడా ఉల్టా పెట్టి వచ్చాడు. గుమాస్తా పరేషాన్. నేను వెంట వెళ్లి, ఈయన ఈయనేనని సాక్ష్యం చెప్పాల్సి వచ్చింది. సరే, అది వేరే కథ.

అచ్చులకు రంగు పూసేది ఆయన భార్య. ఆమె పోయాక పని తగ్గించాడు. మధ్యాహ్నాలు మేమిద్దరం లోకల్ రైలెక్కి, ఒక్క స్టేషన్ అవతల హైటెక్ సిటీలో దిగి, అద్దాల మేడలకు ఎదురుగా ఒక గట్టు మీద కూర్చునేవాళ్లం. బిడ్డ ఇచ్చిన ఫోన్‌లో ఒకరోజు ఎవరో పాతకాలపు ఇంగ్లండు కవి కథ వచ్చింది. తన పద్యాలు తానే రాగిరేకుల మీద తిరగేసి రాసి అచ్చు వేసుకునేవాడట. భార్య రంగులు దిద్దేదట. చిన్నప్పుడు ఒక చెట్టు నిండా దేవదూతలను చూశాడట.

“ఎండదెబ్బ తగిలి ఉంటది,” అన్నాను.

“నీకు కనవడకుంటే లేనట్టేనా అన్నా? జర చూడనియ్యి.”

ఇక రోజూ ఆ కవే. బొమ్మలను వేళ్లతో పెద్దవి చేసి, ఆ మంటల్లాంటి గీతల్లో, గాలిలో తేలే మనుషుల్లో మేస్త్రీ తానూ తేలిపోయేవాడు. ఎదుటి మేడ అద్దాల్లో మబ్బులు నడుస్తుంటే ఏది బొమ్మో, ఏది ఆకాశమో నాకూ తెలిసేది కాదు.

“అందరి పేర్లు చెక్కిన. నాదని ఒక్క మాట చెక్కలే,” అన్నాడు ఒకనాడు. “కండ్లు మొత్తం పోకముందే చెక్కాలె.”

నెలంతా చెక్కి ఒకే ఒక్క కాగితం అద్ది తెచ్చాడు. చుట్టూ చెట్టు, కొమ్మల్లో రెక్కలు. నడుమ అక్షరాలన్నీ తిరగబడి ఉన్నాయి.

“ఏంది మేస్త్రీ, సీదాగ చెక్కినవా? అసలు పనే మర్చినవా?”

“అయితే అయింది తీ.”

“ఇంకోటి చెక్కరాదు?”

“ఇగ కండ్లు ఆనుతలేవన్నా.”

“పోనీ, ఏం రాసినవో చదివి చెప్పు.”

“నువ్వే చదువుకో. తొందరేముంది?”

నవ్వాడు. అంత పనిమంతుడు చివరి పని చెడగొట్టుకున్నాడే అని నాకే బాధ వేసింది. కాగితం మడిచి పెట్టెలో పెట్టాను. ఆయన ఉన్నన్నాళ్లూ మళ్లీ తీయలేదు.

నిన్న ఒక్కణ్ణే రైలెక్కాను. గట్టు మీద కూర్చోబుద్ధి కాలేదు. రోడ్డు దాటి, మేడ అద్దం ముందు నిలబడి కాగితం విప్పి పట్టాను. మబ్బుల మధ్య అక్షరాలు తిన్నగా నిలబడ్డాయి.

‘అందరి పేర్లు ఉల్టా చెక్కిన చెయ్యి
నీ ఒక్క పేరు ఉల్టా చెయ్యనన్నది.’

కింద ఆయన భార్య పేరు.

గేటు దగ్గరి సెక్యూరిటీ అతను వచ్చాడు. “పెద్దాయనా, జర పక్కకు జరుగు. కారు వస్తున్నది.”

జరిగాను.