రాతప్రతిలో లేని మాట

మొహానికి పట్టించిన రంగును కొబ్బరినూనెతో తుడుచుకునేటప్పుడు ఒక వాసన వస్తుంది. నూనె, పౌడరు, చెమట, మీసాలు అతికించే బంక, అన్నీ కలిసిన వాసన. నాటకాలు వేసేవాళ్లకు తప్ప ఎవరికీ నచ్చదు. మొన్న కామారెడ్డి పోటీల్లో మా నాటిక అయిపోయాక, ఓ కాలేజీ గదిలో బల్ల మీద కూర్చుని దూదితో చెంపలు రుద్దుకుంటుంటే ఆ వాసన ముక్కుకు తగిలింది. "సాయన్న ఉంటే ఈపాటికి మిర్చి బజ్జీలు తెప్పించేవాడు" అని పైకే అనేశాను. మా బృందంలో కొత్తగా చేరిన పిల్ల పక్కనే నగలు విప్పుకుంటూ, "సాయన్న ఎవరు మేడం?" అని అడిగింది. సామాన్లు సర్దే హడావిడిలో ఆమెకు సరిగ్గా చెప్పలేకపోయాను. ఇక్కడ చెబుతాను.

సాయన్న కామారెడ్డి, ఎల్లారెడ్డి మధ్య తిరిగే బస్సులో కండక్టరు. పొట్టి మనిషి, కొంచెం బొజ్జ, బట్టతల. ఎలా చూసినా ఇతను నటుడని ఎవరూ అనుకోరు. నోరు తెరిచి "తాడ్వాయి దిగేటోళ్లు ముంగటికి రాండ్రి" అన్నాడంటే మాత్రం, నిద్రపోతున్నవాళ్లు కూడా తమది తాడ్వాయేమోనని ఉలిక్కిపడి లేచేవాళ్లు. ఎల్లారెడ్డిలో పది మందిని పోగేసి నాటక బృందం నడిపేవాడు. పోటీల రోజులు దగ్గరపడితే టికెట్లు కొడుతూనే సంభాషణలు వల్లించుకునేవాడు. ఒకసారి ఓ ముసలాయన చెయ్యి చాపి "ఎల్లారెడ్డి ఒకటి" అన్నాడు. సాయన్న ఏ లోకంలో ఉన్నాడో, ఆయన కళ్లలోకి చూసి, "ఇకమీదట నీకు ఈ ఇంట్లో చోటు లేదు!" అని గర్జించాడు. ముసలాయన కొంచెం కూడా జంకలేదు. "చోటు లేకుంటే నిలవడ్తగని, ముందుగాల టికెట్ కొట్టు" అన్నాడు. బస్సంతా పడీపడీ నవ్వాం. అందరికంటే గట్టిగా సాయన్నే నవ్వాడు.

నేను ఎల్లారెడ్డి నుంచి రోజూ ఆ బస్సులోనే కామారెడ్డిలో డిగ్రీ కాలేజీకి వెళ్లేదాన్ని. అమ్మను అవ్వ అని, నాన్నను బాపు అని పిలిచేదాన్ని. ఇంట్లో అవ్వ, నేను బీడీలు చేసేవాళ్లం. బాపు హమాలీ. పొద్దున్నే లేచి కొంత, కాలేజీ నుంచి వచ్చాక కొంత, ఒళ్లో చాట పెట్టుకుని కూర్చుంటే తునికాకు, తంబాకు, దారం తప్ప వేరే లోకం ఉండేది కాదు. ఒకరోజు బస్సు వెనక సీటులో ఎవరో నా చోటు లాక్కుంటే గట్టిగా పోట్లాడాను. సాయన్న ముందు నుంచి జనాన్ని తోసుకుంటూ వచ్చాడు. నన్ను కసురుతాడనుకున్నాను.

"నీ పేరేంది బిడ్డా?"

"రేణుక."

"నీ గొంతు డ్రైవర్ దాక ఇనవడ్డది. నాటకంల ఏస్తవా?"

"మా బాపు సంపుతడు" అన్నాను.

"ఆయన తోని నేను మాట్లాడ్త" అన్నాడు, అదేదో తాడ్వాయిలో బస్సు ఆపినంత తేలిగ్గా.

ఆయన ఆత్రానికి కారణం ఉంది. ఏటా కామారెడ్డిలో జరిగే నాటిక పోటీలకు చుట్టుపక్కల జిల్లాల బృందాలన్నీ వచ్చేవి. ఆడవేషాలకు చాలామంది బయటి ఊళ్ల నుంచి అనుభవమున్న నటీమణులను పిలిపించుకునేవాళ్లు. సాయన్న కూడా అలాగే చేసేవాడు. వాళ్లు ముందురోజు వచ్చి, ఒక్క రిహార్సల్ చేసి, వేసి వెళ్లిపోయేవాళ్లు. ఎన్నేళ్లు వేసినా మా ఊరి బృందానికి మొదటి బహుమతి రాలేదు. సాయన్నకు అదొక్కటే కోరిక. ఈసారి ఎల్లారెడ్డి పిల్లతోనే వేయించి గెలవాలని పట్టుబట్టాడు.

బాపు దగ్గరికి నాలుగుసార్లు వచ్చాడు. మూడుసార్లు బాపు బీడీ వెలిగించుకుని బయటికి వెళ్లిపోయాడు. నాలుగోసారి మాత్రం, "ఒక్క ఆట. గా కామారెడ్డిది అయిపోయినంక మల్ల మా పోరి జోలికి రావొద్దు" అన్నాడు. సాయన్న ఒప్పుకోలేదు. "గట్ల గాదు. నువ్వు ఒచ్చి సూడు. సూసినంక నువ్వు ఒద్దంటే ఒద్దు" అన్నాడు. బాపు "సరే, ఒస్త" అన్నాడు. అప్పటికి నేను రెండు రిహార్సళ్లే చూశాను. అయినా ఒక్క ఆటతో ఆగిపోవడం నాకు ఇష్టం లేదని అప్పుడే తెలిసింది.

మా నాటికలో ఓ పేదింటి పిల్ల హైదరాబాదులో పెద్ద ఆఫీసరు ఇంటికి కోడలవుతుంది. పుట్టింటివాళ్లు బాగా ఉన్నవాళ్లని అబద్ధం చెప్పి నెట్టుకొస్తుంటుంది. కోడలు నేను, మామగారు సాయన్న. నడుమ ఒకచోట మామగారు వంశం గురించి, పరువు గురించి గుక్కతిప్పుకోకుండా మాట్లాడతాడు. కోడలికి ఒక్క మాట కూడా ఉండదు, కుర్చీలో కూర్చుని వినాలి. ఆ చోట నేను బొమ్మలా బిగుసుకుపోయేదాన్ని. సాయన్న ప్రతిసారీ ఆపేవాడు.

"ఇంటున్నట్టు యాక్టింగ్ చెయ్యకు. ఇను."

"ఇంటున్న గద."

"ఇంటలేవు. నీ వంతు ఎప్పుడొస్తదా అని సూస్తున్నవ్."

నిజమే చూస్తున్నాను. వినడం అంత కష్టమని నాకు తెలియదు. ఆయన ఇంకో విషయంలో ఇంతకంటే కఠినంగా ఉండేవాడు. పోటీలకు రాతప్రతిని ముందే పంపాలి. న్యాయనిర్ణేతలు దాన్ని ముందు పెట్టుకుని చూస్తారు. అందులో లేని మాట ఒక్కటి దొర్లినా మార్కులు కోస్తారు. మా వాళ్లలో ఎవరైనా "అయ్యో" అని ఓ చిన్న మాట కలిపినా, "గా అయ్యో ఏడ రాసున్నదో సూపియ్యి" అని కాయితం చేతికిచ్చేవాడు.

పోటీ రోజు మధ్యాహ్నం రెండింటికి మా వంతు. తెర సందులోంచి చూశాను. మూడో వరుసలో బాపు ఉతికిన తెల్ల అంగీ వేసుకుని, పెళ్లిచూపులకు వచ్చినవాడిలా నిటారుగా కూర్చున్నాడు. ఠక్కున తెర వదిలేశాను. నాటిక మొదలయ్యాక ఎలాగో కుదుటపడ్డాను. మామగారి ఘట్టం వచ్చింది. కుర్చీలో కూర్చున్నాను. సాయన్న మాట్లాడుతున్నాడు. ఆ రోజు మొదటిసారి నిజంగా విన్నాను. ఆయన ఏమంటాడో ముందే తెలిసినా, ఆ మాటలు నన్నే అంటున్నట్టు విన్నాను.

జనంలో ఎవరో కిసుక్కున నవ్వారు. తర్వాత ఇంకొకరు. ఆడవాళ్ల వైపు నుంచే వస్తోంది నవ్వు. ఎందుకో అర్థం కాలేదు. తల దించి చూసుకుంటే, పట్టుచీర కుచ్చిళ్ల మీద నా వేళ్లు బీడీలు చేస్తున్నాయి! లేని ఆకు పట్టుకుని, లేని తంబాకు పోసి, చుట్టి, గోటితో మూతి మలుస్తున్నాయి. పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచి నేను ఎవరి మాట విన్నా బీడీలు చేస్తూనే విన్నాను మరి. ఆఫీసరు కోడలు బీడీలు చేస్తుంటే, కామారెడ్డిలో ఆ చేతి ఆట ఆనవాలు పట్టని ఆడమనిషి ఉంటుందా? సిగ్గుతో చచ్చిపోయాను. చేతులు ఆగిపోయాయి. మామగారి మాటలు ముగిసి నా వంతు వచ్చేసరికి, చెప్పాల్సిన మాట మర్చిపోయాను. నాటిక నా వల్ల పాడైందనీ, బాపు ఇక ఒప్పుకోడనీ అనుకున్నాను.

సాయన్న ఆగాడు. దగ్గరికి వచ్చి నా చేతుల వైపు చూశాడు. తర్వాత ఎక్కడా రాసి లేని మాట అన్నాడు.

"అమ్మాయ్, ఇందాక నీ చేతులేం చేస్తున్నాయి?"

నాకు ఏ కాయితమూ గుర్తు రాలేదు. "మా ఇంట్ల బీడీలు చేస్తం మామా. చేతులు మర్వలేదు" అన్నాను.

నవ్వు ఆగిపోయింది. సాయన్న మెల్లగా ఎదుటి కుర్చీలో కూర్చున్నాడు. ఆ తర్వాత మళ్లీ రాతప్రతిలోని మాట అందుకున్నాడు. "మీ నాన్నగారు ఎప్పుడొస్తున్నారు?" రిహార్సళ్లలో వంద సార్లు విన్న మాటే. అప్పటిదాకా అది మామగారి ఎత్తిపొడుపు. ఆ రోజు ఆయన దాన్ని ఎంత మెత్తగా అన్నాడంటే, నా కళ్లలో నీళ్లు తిరిగాయి. జనం చప్పట్లు కొట్టారు. తర్వాతి సంభాషణలన్నీ వాటంతట అవే వచ్చాయి.

తెర పడ్డాక బాపు లోపలికి వచ్చాడు. రంగు గదిలో ఎక్కడ నిలబడాలో తెలియక గోడవారగా నిలబడ్డాడు. నా చెయ్యి పట్టుకుని వేళ్లు చూశాడు. "మీ అవ్వ చేతులు నిద్రల గిట్లనే ఆడుతయి. నేను గా మాట ఎవ్వలికీ చెప్పలే" అన్నాడు. అంత మాట బాపు నోట ఎన్నడూ వినలేదు. తర్వాత సాయన్న వైపు తిరిగి, "మల్ల ఆట ఎప్పుడు?" అని అడిగాడు. సాయన్న బొజ్జ కదిలేలా నవ్వి, మిర్చి బజ్జీలకు మనిషిని పంపాడు.

మరునాడు బహుమతులు చెప్పారు. మాకు రెండోది వచ్చింది. రాతప్రతిలో లేని సంభాషణల వల్ల మార్కులు తగ్గాయని, లేకుంటే మొదటి స్థానం ఈ బృందానిదేనని ఓ న్యాయనిర్ణేత మైకులోనే చెప్పాడు. మా వాళ్లంతా ఉసూరుమన్నారు. సాయన్న లేచి అందరికంటే ముందు వెళ్లి, గెలిచిన బృందం వాళ్ల చేతులు పట్టుకుని ఊపాడు. ఆయన మొహం చూసే ధైర్యం నాకు లేకపోయింది.

రాయని మాట ఎందుకన్నావని ఆయనను అడగడానికి నాకు చాలా ఏళ్లు పట్టింది. అప్పటికి ఆయన ఉద్యోగం అయిపోయింది. నాకు కామారెడ్డిలో ఓ ఆఫీసులో గుమాస్తా పని వచ్చింది, ఇద్దరు పిల్లలు పుట్టారు, మేమిద్దరం కలిసి చాలా నాటికలు వేశాం. ఓ ఆదివారం వాళ్ల ఇంటి అరుగు మీద చాయ్ తాగుతూ అడిగాను.

"గా దినం మార్కులు కోస్తరని నీకు ఎర్కలేదా సాయన్నా?"

"ఎందుకెర్క లేదు? మంచిగ ఎర్కనే."

"మరి ఎందుకన్నవ్? నాకు యాది వచ్చేదాక ఆగితే అయిపోతుండె గద."

ఆయన సాసర్‌లో చాయ్ పోసుకుని ఊదాడు. "ప్రైజుదేమున్నది బిడ్డా, వచ్చే ఏడు గూడ వస్తది. మీ బాపు మల్ల రాకపోతుండె" అన్నాడు.

వచ్చే ఏడు రాలేదు. ఆ పై ఏడూ రాలేదు. సాయన్న పోయేదాకా మాకు మొదటి బహుమతి రానే లేదు. ఆ సంగతి తలుచుకుంటే ఇప్పటికీ మనసు చివుక్కుమంటుంది. కానీ బాపు తాను బతికున్నన్నాళ్లూ నా ఆట ఒక్కటి కూడా చూడకుండా వదల్లేదు. మొన్నటి నాటికలో ఆ కొత్త పిల్ల నడుమ మాట మర్చిపోయి నా వైపు చూసింది. న్యాయనిర్ణేతలు ఎటు కూర్చున్నారో కూడా నాకు గుర్తు రాలేదు. ఎక్కడా రాసి లేని మాట ఒకటి అని ఆమెను నిలబెట్టాను.